రెండో వేలు

కట్లపాము కరిచి, ఊపిరి అందక, స్ట్రెచర్ మీద వచ్చిన మనిషి నాకు నమస్కారం పెట్టారు. ఇరవై ఏళ్ళ నర్సు ఉద్యోగంలో స్ట్రెచర్ మీద వచ్చి నన్ను తిట్టినవాళ్ళని చూశాను, కాళ్ళు పట్టుకున్నవాళ్ళని చూశాను, చెయ్యి కొరికిన మహానుభావుడు కూడా ఒకాయన ఉన్నాడు. నమస్కారం మాత్రం ఈయనొక్కరే. కనురెప్పలు వాలిపోయి ఉన్నాయి. మాట ముద్దముద్దగా వస్తోంది. మింగుడు పడక నోట్లో ఉమ్మి నిలిచిపోతోంది. అలాంటి స్థితిలో రెండు చేతులూ ఎలాగో గుండెల మీదికి తెచ్చుకుని, "శ్రమ ఇస్తున్నానండి" అన్నారు. మరో పావుగంటకి ఆయన గొంతులోకి ట్యూబు వేసి వెంటిలేటర్ పెట్టాం.

ఆయన రాజోలు వైపు ఒక హైస్కూల్లో అటెండరు. గంట కొట్టడం, రిజిస్టర్లు తిప్పడం, వచ్చిన ప్రతి హెడ్మాస్టరుకీ "ఆయ్ అండీ" అనడం, ఇంతే ఆయన ఉద్యోగమని వాళ్ళావిడ నాకు తర్వాత చెప్పింది. ఆ ఉదయం నీళ్ళ పొయ్యిలోకి కొబ్బరి డొక్కలు లాగుతుంటే వేలికి ముల్లు గుచ్చుకుందనుకున్నారట. కట్లపాము కాటు అలాగే ఉంటుంది, నొప్పి తెలియదు. స్నానం చేసి బడికి వెళ్ళి మొదటి గంట కొట్టారు. రెండో గంటకి కళ్ళు మూతలు పడడం మొదలైంది. ఆ సంగతి చెబుదామని వెళ్తే హెడ్మాస్టరు గారు ఫోనులో మాట్లాడుతున్నారట. మధ్యలో పలకరిస్తే బాగోదని ఈయన గుమ్మం దగ్గర నిలబడ్డారు. ఫోను అయ్యేసరికి గోడ పట్టుకుని జారిపోయారు.

ఈ మాట విన్నప్పుడు నాకు నవ్వొచ్చింది. అప్పుడే కాస్త ఆలోచించి ఉంటే బాగుండేది.

మాది అమలాపురంలో ఒక ప్రైవేటు ఆసుపత్రి. మేడ మీద ఆరు మంచాల ఐసీయూ, దానికి నేను ఇన్‌ఛార్జిని. నాకు కోపం ఎక్కువ. నేను దాచుకోను, మా వాళ్ళూ దాచరు. వరండాలో నా చెప్పుల చప్పుడు వినబడితే చాలు, జూనియర్ పిల్లలు కడుక్కున్న చేతులు మళ్ళీ కడుక్కుంటారు. మా డాక్టరు గారిది కర్నూలు వైపు. చిన్న వయసు, చిన్న ఆకారం, ఏ మాటైనా సూటిగా అడిగే మనిషి. మా ప్రాంతానికి వచ్చి రెండేళ్ళయినా, ఇక్కడి వాళ్ళు నొప్పి ఉందా అంటే "పర్లేదండి" అనీ, లేదా అంటే "కొంచెం ఉందండి" అనీ ఎందుకు చెబుతారో ఆవిడకి అంతుబట్టలేదు. నాకు అంతా తెలుసు కదా అని నేను నవ్వుకునేదాన్ని.

కట్లపాము విషం ఒంట్లో కండరాలన్నిటినీ పడుకోబెట్టేస్తుంది. మనిషి మాత్రం మెలకువగానే ఉంటాడు. చూసేవాళ్ళకి స్పృహ లేనట్టు ఉంటుంది గానీ, మూసిన రెప్పల వెనక అన్నీ వినబడుతూనే ఉంటాయి. మందు ఎక్కించాక విషం దిగేదాకా, నాలుగు రోజులో వారమో, మెషిను ఊపిరి పోస్తే చాలు, లేచి ఇంటికి నడిచి వెళ్ళిపోతారు. అందుకే పాము కాటు కేసంటే నాకు ఇష్టం. ఈయనకి కుడిచేతి వేళ్ళు మాత్రం కొద్దిగా కదులుతున్నాయి. నేను చెవి దగ్గర వంగి చెప్పాను, బాబాయి గారూ, ఔనంటే ఒక వేలు లేపండి, కాదంటే రెండు వేళ్ళు లేపండి, అర్థమైందా అని. చూపుడు వేలు చక్కగా లేచింది. పక్కనే ఉన్న వాళ్ళావిడ, నేను పిన్ని గారూ అని పిలిచేదాన్ని, చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తూనే నవ్వింది.

ఆ మొదటి మూడు రోజులు మాకు పండగలాగే గడిచాయి. పొద్దున్నే నేను ఆయన నోరు శుభ్రం చేసేదాన్ని. వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి ఇది చిన్న పని కాదు. ట్యూబు ఊపిరిని లోపలికి పంపిస్తుంది నిజమే, దాంతోపాటు ఒక దారి కూడా తెరిచి పెడుతుంది. నోట్లో ఊరిన నీరూ, పళ్ళ మీది పాచీ ఆ ట్యూబు పక్కనుంచి మెల్లగా ఊపిరితిత్తుల్లోకి జారితే నిమ్ము చేస్తుంది. పాము చంపని మనిషిని ఆ నిమ్ము చంపగలదు. అందుకని నోరు కడగాలి, కఫం లాగాలి, ముట్టుకునే ప్రతివాళ్ళూ చేతులు కడుక్కోవాలి. అన్నిటికీ మించి మంచం తలవైపు ఎత్తుగా ఉండాలి. మా మంచాలకి కాళ్ళ దగ్గర తిప్పే పిడి ఉంటుంది. తల ఎంత ఎత్తులో ఉండాలో తెలిసేలా ప్రతి మంచం పక్కనా నేను ఎర్ర ప్లాస్టరు ముక్క అంటించాను. ఆ గుర్తు కంటే ఒక్క వేలెడు దిగినా నా నోటి నుంచి ఏం వస్తుందో అందరికీ తెలుసు.

పళ్ళు తోముతూ ఆయనతో కబుర్లు చెప్పేదాన్ని. వక్కపొడి అలవాటు ఉన్నట్టుందే బాబాయి గారూ అంటే ఒక వేలు. మానేస్తారా మరి అంటే మళ్ళీ ఒక వేలు. పక్కనుంచి పిన్ని గారు, ముప్పై ఏళ్ళుగా నాకూ అదే మాట చెబుతున్నారండి అంది. జూనియర్ పిల్లలు నవ్వారు. బొమ్మలా పడుకున్న మనిషితో ఇంత కాలక్షేపం ఎప్పుడూ అవలేదు మాకు. మూడో రోజుకి రెప్పల్లో చిన్న అదురు కనిపించింది. సోమవారం నుంచి మెషిను సాయం తగ్గిద్దామని డాక్టరు గారు అన్నారు.

మధ్యలో ఆదివారం వచ్చింది.

చర్చిలో ఆరాధన అయ్యాక వాళ్ళ చుట్టాలూ, సంఘం వాళ్ళూ మినీ వ్యాను మాట్లాడుకుని దిగారు. కె.గంగవరం నుంచి ఆయన అక్క గారు, ఐనవిల్లి నుంచి పాత స్కూల్లో కలిసి పనిచేసిన గుమస్తా గారు, ఇంకా బావలూ, మరదళ్ళూ, మొత్తం తొమ్మిది మంది. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు. మా దగ్గర పలకరింపు అంటే ఫోను చేసి ఊరుకునేది కాదు, మంచం పక్కన నిలబడి మనిషిని కళ్ళారా చూడాలి. ఐసీయూలోకి ఇద్దరికి మించి పంపకూడదని నేనే రాసి తలుపుకి అంటించిన కాగితం ఉంది. ఆ కాగితం ముందే అక్క గారు నా గడ్డం పట్టుకుని, "అమ్మా, ఒక్కసారి చూసేసి వెళ్ళిపోతాం, నువ్వూ మా అమ్మాయిలాంటిదానివే" అంది. డెబ్బై ఏళ్ళ మనిషి. రెండు బస్సులు మారి రాజోలు చేరి, అక్కడ వ్యాను ఎక్కిందట. నేను కాదనలేకపోయాను. ఒక్కొక్కళ్ళుగా వెళ్ళండి, చేతులు కడుక్కోండి, అని చెప్పి దగ్గరే నిలబడ్డాను. అంతలో నాలుగో మంచానికి కొత్త కేసు వచ్చింది. దాని పనిలో పడి ముప్పావు గంట ఇటు చూడలేదు.

తిరిగి వచ్చేసరికి వరండా నిండా తెల్లబట్టలు, లోపల బాబాయి గారు చాప మీద పడుకున్నట్టు బల్లపరుపుగా ఉన్నారు. ఎర్ర ప్లాస్టరు పైనెక్కడో ఉంది. నేను పరుగెత్తి పిడి తిప్పి తల ఎత్తాను. నోట్లో నీరు లాగాను. అప్పుడు వరండాలోకి వచ్చి అడిగాను, మంచం దించింది ఎవరని.

ఎవరూ దించలేదు. అందరూ దించారు. అక్క గారు, తమ్ముడి మెడ వాలిపోతోందని రెండు చుట్లు తిప్పింది. గుమస్తా గారు, పాపం కూర్చుని నిద్రపోతున్నట్టున్నారని ఇంకో రెండు చుట్లు తిప్పారు. బావగారు నడుము పట్టేస్తుందేమోనని ఒకటిన్నర. ఎవరికి వాళ్ళు కొంచెమే తిప్పారు. పరాయి చోట ఎక్కువ చనువు తీసుకుంటే బాగోదని అందరికీ తెలుసు కదా. తొమ్మిది మంది మర్యాదస్తులు ఒక్కొక్కళ్ళూ కొంచెం కొంచెం చనువు తీసుకునేసరికి మంచం నేలకి సమానమైంది.

నేను తిట్టాను. కింద మందుల షాపు దాకా వినబడిందని తర్వాత చెప్పారు. వాళ్ళు తలలు దించుకుని, తప్పయిపోయిందండి, తెలీక చేసేమండి అని ఒకళ్ళ తర్వాత ఒకళ్ళు అన్నారు. అందరూ అనేశాక అక్క గారు దగ్గరికొచ్చి, పొద్దుటనుంచి నిలబడే ఉన్నావు, ఏమైనా తిన్నావా అమ్మా అని అడిగింది. అలాంటివాళ్ళ మీద కోపం ఎంతసేపని నిలబెట్టుకుంటాం. కానీ లోపల మాత్రం మంట చల్లారలేదు. వాళ్ళని లోపలికి పంపింది నేనే.

సోమవారం పొద్దున్న డ్యూటీలోకి వస్తూనే ఆయన నుదురు ముట్టుకున్నాను. కాలిపోతోంది. ఊపిరి హాయిగా ఉందా బాబాయి గారూ అని అడిగాను. ఒక వేలు లేచింది. అంతకు ముందు డ్యూటీలో ఉన్న అమ్మాయి కూడా అలాగే అడిగి, రోగి హాయిగా ఉన్నట్టు చార్టులో మూడుసార్లు రాసింది. పదకొండు గంటలకల్లా ఆక్సిజన్ పెంచాల్సి వచ్చింది. సక్షన్ పెడితే అప్పటిదాకా నీళ్ళలా వచ్చిన కఫం చిక్కగా, పసుపు రంగులో వచ్చింది. ఎక్స్‌రేలో కుడివైపు కింద తెల్లటి మచ్చ ఉంది. డాక్టరు గారు ఫిలిం వెలుతురుకి పెట్టి చూసి, నిమ్ము అన్నారు. కఫం పరీక్షకి పంపి, ఆంటీబయాటిక్ మొదలుపెట్టారు.

మెషిను తగ్గిద్దామనుకున్న రోజునే పెంచాల్సి వచ్చింది. గురువారం దాకా చూద్దామన్నారు డాక్టరు గారు. అప్పటికీ మెషిను నుంచి బయటికి రాలేకపోతే గొంతు దగ్గర రంధ్రం చేసి ట్యూబు అక్కడ పెట్టాలి, కాకినాడ పంపాలి. ఊపిరితిత్తులు ఇంకా పాడైతే ఏమవుతుందో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఆదివారం మంచం సంగతి చెప్పాను. అందువల్లే వచ్చిందని చెప్పలేం, ట్యూబు ఉన్న ఎవరికైనా రావచ్చు, అన్నీ సరిగ్గా చేసినా రావచ్చు, అన్నారు. ఆవిడ చెప్పింది నిజమే. ఆ నిజం నాకు ఎందుకూ పనికిరాలేదు.

మధ్యాహ్నం వరండాలో పిన్ని గారు టిఫిన్ డబ్బా విప్పుకుని కూర్చుని ఉంటే వెళ్ళి పక్కన కూర్చున్నాను. దాచి పెట్టుకునే అలవాటు నాకు లేదు. ఆదివారం నేను అందర్నీ లోపలికి పంపి ఉండకూడదు, మంచం దిగిపోతుంటే చూసుకోలేదు, నా తప్పుంది పిన్ని గారూ, అని చెప్పేశాను. ఆవిడ తిడుతుందని ఎదురుచూశాను. తిడితే బాగుండునని కూడా అనిపించింది. ఆవిడ మాత్రం చేతిలో ముద్ద డబ్బాలో పెట్టేసి నెమ్మదిగా అంది.

"ఊరికే తిప్పలేదండి ఎవరూ. ఆయన్ని అడిగే తిప్పేరు. దించమంటావా అని అడిగితే వేలు లేపేరండి. నేను చూసేను కదా."

ఒక్క క్షణం నాకు గుండె తేలికైంది. ఆయన అడిగితేనే దించారన్నమాట. ఆ తర్వాత నాలో ఏదో అడ్డు తగిలింది. అక్క గారు దించాక మెడ సుఖంగానే ఉండి ఉంటుంది కదా. మరి గుమస్తా గారు అడిగితే మళ్ళీ ఎందుకు దించమన్నారు. ఆ తర్వాత బావగారికి, ఆ తర్వాత ఇంకో ఆరుగురికి కూడా ఎందుకు దించమన్నారు. నేను లేచి లోపలికి వెళ్ళాను. పిన్ని గారు చెయ్యి కడుక్కుని నా వెనకే వచ్చింది.

"బాబాయి గారూ, ఊపిరి హాయిగా ఉందా అండీ?"

ఒక వేలు.

"ఇబ్బందిగా ఉందా అండీ?"

ఒక వేలు.

"మంచం దించమంటారా?"

ఒక వేలు.

"ఎత్తమంటారా?"

ఒక వేలు లేచింది. ఏ తేడా లేకుండా, అంతే వినయంగా లేచింది.

నేను పిన్ని గారి వైపు చూశాను. ఆవిడ నోరు తెరిచి నా వైపు చూసింది. ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. ఆదివారం తొమ్మిది మంది అంత దూరం నుంచి వచ్చి ప్రేమగా అడిగితే, ఈ మనిషి తొమ్మిది మందికీ సరేనన్నారు. సోమవారం తెల్లవారి ఊపిరాడక లోపల కొట్టుకుపోతూ కూడా, హాయిగా ఉందా అని ఆ అమ్మాయి అడిగితే పాపం అడిగింది కదా అని సరేనన్నారు. మేమేమో అది చార్టులో రాసుకున్నాం. ఆయన పలకకుండా పడుకుని ఉంటే మెడ చూసి, ముక్కుపుటాలు చూసి ముందే పట్టుకునేవాళ్ళమేమో. ఆయన వేలు నమ్మి మోసపోయాం. ఇక్కడే పుట్టి పెరిగిన నేను కూడా మోసపోయాను.

నాకు ఒళ్ళు మండిపోయింది. చెయ్యి కూడా ఎత్తలేని మనిషిని నిలబడి తిట్టాను. మీ మర్యాద మండిపోనూ, కాదనడానికి రెండో వేలు ఇచ్చాడు దేవుడు మీకు, ప్రాణం మీదికి వచ్చాక కూడా అది వాడరా, అన్నాను. మూసిన రెప్పల కింద నుంచి నీళ్ళు జారాయి. ఏడుపో నవ్వో తెలియలేదు. అర్థమైందా అని అడిగి, అడిగినందుకు నన్ను నేనే తిట్టుకున్నాను. ఎందుకంటే ఒక వేలు లేచింది.

పిన్ని గారు మంచం కమ్మీ పట్టుకుని నవ్వడం మొదలుపెట్టింది. నాలుగు రోజుల భయమంతా ఆ నవ్వులో బయటికి వచ్చింది. పుట్టి బుద్ధెరిగాక ఈయన ఒక్కళ్ళకి కాదని చెప్పలేదండి అంది. అసలు ఈయన పెళ్ళిచూపులకి వచ్చింది పిన్ని గారి అక్క కోసమట. పెద్దమ్మాయికి వేరే సంబంధం కుదిరింది, మా చిన్నమ్మాయి ఉంది చేసుకుంటారా అని వాళ్ళ నాన్న అడిగితే, కాఫీ గ్లాసు కింద పెట్టకుండానే "ఆయ్" అన్నారట. అలా దొరికేనండి నేను, అని కళ్ళు తుడుచుకుంది. జూనియర్ పిల్లలు మొహాలు అటు తిప్పుకుని భుజాలు అదిరేలా నవ్వారు. నేనూ నవ్వాను.

డాక్టరు గారికి చెప్తే ఆవిడ మొదట నమ్మలేదు. స్వయంగా వెళ్ళి, ఏం పెద్దాయనా, నన్ను కర్నూలుకి పంపించేద్దామా అని అడిగారు. ఒక వేలు లేచింది. ఉండమంటావా అన్నారు. ఒక వేలు. ఆవిడ కుర్చీలో కూర్చుని చాలాసేపు నవ్వి, ఆనక చార్టు తీసుకుని, హాయిగా ఉన్నారని రాసిన ప్రతి చోటా పక్కన ప్రశ్నార్థకం పెట్టారు. ఇక నుంచి ఈయన్ని అడగొద్దు, చూడండి అన్నారు. అయినా గురువారం ట్యూబు తీసే ముందు మాత్రం ఒక్క నిజమైన జవాబు కావాలి నాకు, ఎంత అలిసిపోయాడో యంత్రం చెప్పదు, మనిషే చెప్పాలి, అన్నారు.

ఆ జవాబు రాబట్టే పని పిన్ని గారు తీసుకుంది. చూడడానికి వదిలే వేళల్లో పక్కన నిలబడి ఆయన్ని పరీక్ష పెట్టేది. నేను వంట బాగా చెయ్యను కదా? ఒక వేలు. నీకు ఇంకో పెళ్ళి చేసేస్తాను, సరేనా? ఒక వేలు. ఇంటికి రా, నీ పని చెప్తాను అనేది. మూడో మంచం మీద కాస్త కోలుకుంటున్న ముసలాయన ఈ ప్రశ్నల కోసం ఎదురుచూసేవాడు. ఎంత చేసినా రెండో వేలు మాత్రం లేవలేదు.

చుట్టాలని నేను మళ్ళీ లోపలికి రానివ్వలేదు. వాళ్ళూ రామన్నారు, ఇంటికి కూడా వెళ్ళమన్నారు. అక్క గారైతే పిన్ని గారితోపాటు ఉండిపోయింది. ఊరికే కూర్చోలేని మనిషి. ఒక పని ఇమ్మని నన్ను పీక్కుతింటుంటే, చేతులకి రాసే మందు సీసా ఆవిడ చేతిలో పెట్టి తలుపు దగ్గర కూర్చోబెట్టాను. అది ఐసీయూకి నేను చేసిన గొప్ప ఉపకారం. ఎంత పెద్ద డాక్టరు వచ్చినా, "బాబూ, కాస్త చేతులు చాపండి, ఏమీ అనుకోకండి" అని రెండు చుక్కలు వేసి, గోళ్ళ సందుల్లోకి కూడా రుద్దుకునేదాకా మొహంలోకి చూస్తూ కూర్చునేది. మా యజమాని గారు ఫోను మాట్లాడుతూ దాటిపోబోతే వెనక్కి పిలిచింది. ఇరవై ఏళ్ళు నేను అరిచి సాధించలేనిది ఆవిడ బతిమాలి సాధించింది.

మంగళవారం గడిచింది. జ్వరం తగ్గలేదు, పెరగలేదు. పళ్ళు తోముతూ నేను మాట్లాడడం మానేశాను. మాట్లాడితే ఏదో ఒకటి అడగాలనిపిస్తుంది. మెడ పక్క నరాలు బిగుస్తున్నాయా, ముక్కుపుటాలు అదురుతున్నాయా అని చూస్తూ కూర్చున్నాను. మనసులో ప్రార్థన చేసుకున్నాను. అందులో కూడా సగం తిట్లే ఉన్నాయి. బుధవారం కఫం రిపోర్టు వచ్చింది. ఏ క్రిమో తెలిసింది, దానికి సరిపోయే మందే నడుస్తోందని డాక్టరు గారు బల్ల మీద చేత్తో కొట్టారు. సాయంత్రానికి నుదురు చల్లబడింది. ఆక్సిజన్ తగ్గిస్తూ వచ్చాం, ఆయన నిలబడుతూ వచ్చారు. కఫం పలచబడింది. డ్యూటీ దిగేముందు సక్షన్ చేస్తుంటే ఆయన రెప్పలు సన్నగా విడాయి. ఎర్రటి కళ్ళు నా వైపు తిరిగాయి. తనని అంతలా తిట్టిన గొంతు ఎవరిదో చూసుకుందామనుకున్నారు కాబోలు. నాకు ఎంత సంతోషం వేసిందంటే, ఆ సంతోషంలో జూనియర్ పిల్లని అనవసరంగా కసిరాను.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి మెషిను సాయం పూర్తిగా తగ్గించి పెట్టారు. అరగంట సొంతంగా లాగాలి. పిన్ని గారిని లోపలికి రమ్మన్నాను, అక్క గారు గుమ్మంలో సీసాతో నిలబడింది. పది నిమిషాలైంది. పావుగంటైంది. ఛాతీ సమంగా లేస్తోంది. మెడ బిగియలేదు. అంకెలు బాగున్నాయి. అరగంట అయ్యాక దగ్గించి చూశారు, దగ్గు బలంగా వచ్చింది. తల దిండు మీద నుంచి ఎత్తమంటే ఎత్తి నిలిపారు. డాక్టరు గారు అన్నీ చూసి, నా వైపు తిరిగి, ఇంక మీరు అడగండి సిస్టర్ అన్నారు.

ఏం అడగాలి? తీసేయమంటారా అంటే ఎలాగూ ఔనంటారు. బాగుందా అన్నా ఔనంటారు. ఆ ఔను దేనికీ కొరగాదు. ఈయన నోట కాదన్న మాట వస్తేనే నమ్మగలం. లోపల అలిసిపోయి ఉండి మొహమాటానికి ఔనంటే, ట్యూబు తీసిన గంటకి మళ్ళీ ఊపిరాడక మళ్ళీ వెయ్యాలి, ఆ నిమ్ము మీద అది ఆయన తట్టుకోలేరు. నేను ఆయన కుడిచెయ్యి నా చేతిలోకి తీసుకున్నాను. నాకు తెలిసిన మర్యాదంతా కూడగట్టుకున్నాను. మనసున్న మనిషెవడూ తోసిపుచ్చలేనంత బతిమాలుతూ అడిగాను.

"బాబాయి గారూ, మీకు శ్రమే అనుకోండి. కానీ మా అందరి మాటా మన్నించి, ఈ ట్యూబు ఇంకొక్క రోజు ఉంచుకుంటారా అండీ? అక్క గారు కూడా అదే అనుకుంటున్నారు."

అక్క గారు నా ఎత్తు కనిపెట్టినట్టుంది. గుమ్మంలోంచే, "ఉంచుకో నాయనా, నా మాట విను" అంది.

చూపుడు వేలు లేచింది. పిన్ని గారు కళ్ళు మూసుకుంది. డాక్టరు గారు నిట్టూర్చి పెన్ను జేబులో పెట్టుకోబోయారు. ఆ వేలు దిగలేదు. గాలిలోనే నిలబడి వణికింది. బాబాయి గారి కళ్ళు నన్ను చూశాయి, అక్కని చూశాయి, మళ్ళీ నన్ను చూశాయి. ఆయన మొహంలో అంత ఇబ్బంది నేను ఊపిరాడని రోజున కూడా చూడలేదు. నుదుటి మీద చెమట పట్టింది. చూపుడు వేలి పక్కన రెండో వేలు కొంచెం కదిలింది, ఆగింది, తర్వాత మెల్లగా లేచి దాని సరసన నిలబడింది.

ఏమంటున్నాడు అని డాక్టరు గారు అడిగారు. ఆవిడకి కనబడుతూనే ఉంది, అయినా అడిగారు.

"కాదంటున్నారండి," అన్నాను.

డాక్టరు గారు ట్యూబు తీశారు. ఆయన దగ్గారు, తుడిచాం, మాస్కు పెట్టాం, గాలి లోపలికీ బయటికీ మెషిను లేకుండానే వెళ్ళి వస్తోంది. పిన్ని గారు ఆయన పాదాలు పట్టుకుని నవ్వుతోంది, ఏడుస్తోంది, ముప్పై ఏళ్ళకి కాదన్నారు చూడండి అని అందరికీ చెబుతోంది. అక్క గారు పాట అందుకుంది. వారం రోజులు బిగపట్టుకున్న నేను మంచం కమ్మీ పట్టుకుని అందరి ముందే వెక్కి వెక్కి ఏడ్చాను. జూనియర్ పిల్లలు చూస్తున్నారని తెలుసు, లెక్కచేయలేదు.

అప్పుడు ఆయన చెయ్యి కొంచెం జరిగి నా చేతిని తాకింది. ఏదో చెప్పాలనుకుంటున్నారు. మాస్కు కాస్త పక్కకి జరిపి నా చెవి దగ్గరగా పెట్టాను. వారం రోజుల తర్వాత మొదటి మాట, రాపిడి పెట్టినట్టున్న గొంతుతో, ఒక్కొక్క అక్షరం కూడదీసుకుంటూ అన్నారు.

"అంతలా అడిగినా కాదన్నానని... ఏమీ అనుకోకండి సిస్టర్ గారూ."

అనుకోలేదండి అని చెప్పాను.